నలభై ఒకటో వారం

రోజుకి మూడొందల లారీలు తూస్తాను
పోర్టు గేటు దగ్గర, కాటా మీద.
నిండు బండిలోంచి ఖాళీ బండి తీసేస్తే
మిగిలింది బొగ్గు.
పది కిలోలు తేడా వస్తే నాకు నిద్ర పట్టదు.
నా కారు టైర్ల వంక మాత్రం
నాలుగేళ్లుగా వంగి చూసిన పాపాన పోలేదు.

మొన్న తొలి వాన పడింది.
ఎండాకాలమంతా పేరుకున్న నల్లపొడి లేచి
నూనె రాసినట్టు రోడ్డుకి పట్టుకుంది.
హనుమంతవాక జంక్షన్‌కి దిగేచోట బ్రేకు తొక్కాను.
బండి వినలేదు.

స్టీరింగు నా చేతిలో,
కారు ఇంకెవరి చేతిలోనో.
ముందు ఆటోలో వెనక్కి తిరిగి కూర్చున్న బడిపిల్ల
నన్నే చూస్తూ జంతిక నములుతోంది.
జానెడు దూరంలో ఆగాను.
ఆ పిల్ల నమలడం ఆపలేదు.

కంచరపాలెం మెట్టు దగ్గర సూరిదేముడి కొట్టు.
గాలి మిషను, నీళ్ల తొట్టి,
పేర్చిన టైర్ల మీద ముడుచుకున్న పిల్లి.
ఏమైందని అడగలేదతను.
జేబులోంచి రూపాయి బిళ్ల తీసి
టైరు గాడిలో నిలబెట్టాడు.
"ములిగిందేటమ్మా?"
ఎక్కడ ములుగుతుంది!
సముద్రం వెనక్కి తీశాక
ఇసుకలో చతికిలబడ్డ తెప్పలా
బిళ్లంతా పైకే ఉంది.

వేలు పెట్టి తడమమన్నాడు.
గాడి అడుగున అక్కడక్కడా చిన్న గట్లు.
"ఆటితో సమానంగా అరిగిపోనాదంటే
ఇంక సెప్పడానికేటీ నేదు."
నా నాలుగింటిలో మూడు
ఎప్పుడో చెప్పడం మానేశాయి.
నాలుగోది లోపలి అంచే అరిగింది,
ఒరిగి నడిచేవాళ్ల చెప్పులాగ.

సరే, నేను గెలిచే ముక్క ఒకటుందనుకున్నాను.
డిక్కీ తెరిచి స్టెప్నీ చూపించాను.
సెకండ్ హ్యాండు కారుతో పాటు వచ్చింది,
ఒక్కనాడూ రోడ్డు తొక్కలేదు.
రబ్బరు వెంట్రుకలు కూడా రాలలేదు.
ఇది వేసి మూడు కొంటే చాలదా అన్నాను.
జీతానికి ఇంకా తొమ్మిది రోజులుంది.

తడిగుడ్డతో దాని పక్క తుడిచాడు.
కోడిగుడ్డు లాంటి చిన్న గడిలో
నాలుగూ ఒకటీ, ఒకటీ నాలుగూ.
"ముందు రెండూ వారం. ఎనక రెండూ సమచ్చరం."

పద్నాలుగు. నలభై ఒకటో వారం.
కాటా మనిషిని కదా, వేళ్ల మీదే తేల్చేశాను.
అక్టోబరు.
ఇద్దరం ఒకేసారి తలెత్తాం.
ఈ ఊళ్లో ఆ గాలికి పేరు చెప్పుకోనక్కర్లేదు.

ఆ ఆదివారం
కొండలన్నీ ఒక్క పూటలో మాడిపోయాయి.
ఇతని కొట్టు రేకులు పట్టాలవతల దొరికాయట.
మా వీధికి ఎనిమిది రోజులు కరెంటు లేదు,
పాల పాకెట్టు ఏభై రూపాయలు.
పెట్రోలు బంకు వరసలో నా ముందున్నాయన
ఖాళీ సీసాలోకి ఊదుతూ ఈల వేసేవాడు.
అదే వారం, ఎక్కడో,
ఆకు కూడా కదలని ఊళ్లో
వేడి అచ్చులోంచి ఈ టైరు
నల్లగా మెరుస్తూ బయటికొచ్చింది.
దానికేం తెలుసు.

"సూడండి" అని బొటనవేళ్లతో వంచాడు.
సన్నటి పగుళ్లు నోళ్లు తెరిచాయి.
"తిరిగితే అరుగుద్ది,
తిరక్కపోతే ముదురుద్ది."
అని, పిల్లిని పక్కకి జరిపి
కొత్తవి ఐదు దించాడు.
సగం ఇప్పుడు, సగం ఒకటో తారీకు.
పాత స్టెప్నీ వాళ్ల బావమరిదికట,
బోటుకి.

ఈ ఆదివారం వంజరం కోసం హార్బరుకెళ్లాను.
నీలం బోటు పక్కన తాళ్లకి వేలాడుతూ
వరసగా టైర్లు.
ఒకదానికి రబ్బరు వెంట్రుకలు ఇంకా ఉన్నాయి.
అల వచ్చినప్పుడల్లా బోటు జెట్టీని గుద్దబోయి
దాన్ని గుద్దుతోంది.
కిర్రుమని నొక్కుకుపోయి
మళ్లీ ఉబ్బుతోంది.
అంకెలు నీళ్ల వైపున్నాయో ఏమో,
ఎంత వంగినా కనిపించలేదు.

చేప తూస్తున్నావిడ తక్కెడ ముల్లు
ఆవిడ వైపు కొంచెం ఒరిగింది.
చూశాను.
ఏమీ అనలేదు.